అమ్మకు మొదటి బంతి

ఈ ఏడు ఓణం పండగలో పెద్దరోజైన తిరువోణం నాడు తాను వంట చెయ్యనని అమ్మ అన్నప్పుడు వరండాలో కూర్చున్నవాళ్ళెవరికీ ముందు అర్థం కాలేదు. పళ్ళు కుట్టుకుంటున్న పుల్లను నోట్లోంచి తీసి, దాని కొసన ఏమొచ్చిందో చూసుకుని, మళ్ళీ నోట్లో పెట్టుకున్నాడు వల్యచ్ఛన్. అంబిళి చూపు తిప్పుకుంది.

"ఒంట్లో బాగా లేదా సుభద్రా?" అన్నాడాయన.

"బాగానే ఉంది చేట్టా. ఊరికే. ఒక్క ఏడు అందరితోపాటు కూర్చుని తినాలనుంది."

వల్యచ్ఛన్ అంటే పెదనాన్న, అంబిళి నాన్నకు అన్న, ప్రభాకరన్; అమ్మ పిలుపులో చేట్టా. ప్రతి ఓణానికీ ఆయన, ఆయన భార్య ఇందిర వల్యమ్మ, నాన్న చెల్లెలు ఓమన అప్పచ్చి, ముగ్గురూ ఈ ఇంటికే వస్తారు. ముందురోజు మధ్యాహ్నం నుంచే అమ్మ కొబ్బరి కోరడం మొదలు పెడుతుంది. పండగనాడు మొదటి బంతిలో మగవాళ్ళు, రెండో బంతిలో వచ్చిన ఆడవాళ్ళు, పిల్లలు. అందరూ తిని, వరండాలో కాళ్ళు చాపుకుని త్రేన్చడం మొదలుపెట్టాక అమ్మ వంటింట్లో నేలమీద ఆకు వేసుకుంటుంది. అప్పటికి అవియల్‌లో ములక్కాడ తొక్కలు, ప్రథమన్ పాయసం కాచిన ఉరుళి గిన్నెకు అంటుకున్న అడుగు, మెత్తబడిన పప్పడం మిగిలి ఉంటాయి. అదీ సగం తినేసరికి "సుభద్రా, చాయ" అని కేక వినిపిస్తుంది. అంబిళికి బుద్ధి తెలిసినప్పటినుంచీ అంతే.

"మొదటి బంతిలో కూర్చుంటే పాయసం పొగలు కక్కుతూ ఉంటుందేమో కదే" అని మొన్నామధ్య కొబ్బరి కోరుతూ అమ్మ అడిగింది. నవ్వుతూనే అడిగింది. అంబిళికి మాత్రం నవ్వు రాలేదు.

"అయితే హోటలుకి పోదాం" అని వల్యచ్ఛన్ తీర్పు చెప్పేశాడు. "ఈ రోజుల్లో ఇంట్లో వండేదెవరు? సుభద్రకి విశ్రాంతి. ఏరా శశీ?"

అంబిళి నాన్న శశిధరన్ తల ఊపాడు. అన్న ఏమన్నా ఊపే తల అది.

ఆ సాయంత్రమంతా హోటళ్ళ మాటే. అప్పచ్చికి మావేలిక్కరలో కొత్తగా కట్టిన హోటలు కావాలి. అక్కడ గుమ్మంలో పెద్ద పూలముగ్గు వేస్తారట, దాని ముందు జరీ అంచు కసవు చీరతో ఫొటో బాగా వస్తుందట.

"ఫొటో నంచుకుని అన్నం తింటావా?" అంది వల్యమ్మ. "పోయినేడు మా చెల్లెలు వాళ్ళు వెళ్ళారు. ఓలన్‌లో గుమ్మడికాయ వెతుక్కోవాలట, చెరువులో ముత్యం వెతికినట్టు."

"మీ చెల్లెలికి ఏది నచ్చింది గనక! పెళ్ళిలో మొగుడే నచ్చలేదన్నారు."

"నోర్మూసుకోండి ఇద్దరూ" అన్నాడు వల్యచ్ఛన్. "పాయసాలు ఎన్నో చెప్పండి ముందు. రెండే అయితే నేను రాను. అడ ప్రథమన్ ఉండాలి, పాలడ ఉండాలి, ఇంకో పాయసం ఉండాలి, నంచుకోడానికి తీపి బోళి రొట్టె ఉండాలి. దుడ్డు మనది, పొట్ట మనది."

ఆ పొట్టను ఆయన రెండు చేతులతో నిమురుకున్నాడు. నడుముకు చుట్టిన ముండు పంచె పైనుంచి అది పొంగి, బొడ్డు చుట్టూ చెమట మెరుస్తోంది. అప్పటికే ఆయన ముందున్న పళ్ళెంలో అమ్మ వేయించిన అరటికాయ ఉప్పేరి సగమైపోయింది. నమిలేటప్పుడు ఆయన నోరు మూయడు. పసుపు రంగు ముద్ద అటూ ఇటూ తిరగడం ఎదుటివాళ్ళకు కనబడుతుంది. ఎంత వద్దనుకున్నా అంబిళి కళ్ళు అటే పోయేవి.

అమ్మ చాయ గ్లాసులు పెడుతూ మెల్లగా అంది. "బస్టాండు వెనక భట్టతిరి మెస్ ఉంది కదా. చిన్నదే. ముందే పేరు చెబితే కుర్చీ మనకోసం ఉంచుతారట. తోసుకోనక్కర్లేదు."

ముగ్గురూ ఒకేసారి నవ్వారు.

"ఆ పొగగూడా?" అంది అప్పచ్చి. "నా చీర మసైపోతుంది వదినా!"

"అక్కడ ఒకటే పాయసం" అన్నాడు వల్యచ్ఛన్, చావు కబురు చెప్పినట్టు. "మనం మయూర మాళిక హోటలుకి పోతున్నాం. మూడు పాయసాలు. మేనేజరు నాకు బాగా తెలుసు."

"మరి సీట్లు ముందే చెప్పాలేమో" అని నాన్న నసిగాడు.

"చెప్పేదేమిట్రా! వడ్డించేవాడు మనవాడైతే కడబంతిలో కూర్చున్నా లోటుండదు."

అమ్మ విశ్రాంతి కోసం వెళ్ళే హోటలు అమ్మను అడక్కుండానే కుదిరిపోయింది. అమ్మ ఖాళీ గ్లాసులు ఏరుకుంది. అప్పుడు వల్యచ్ఛన్ వెనక్కి వాలి అన్నాడు. "ఒక్కటి మాత్రం, సుభద్రా. హోటళ్ళలో అల్లం ఇంజి బాగా చెయ్యరు. బెల్లం పోసి చెడగొడతారు. నువ్వు కొంచెం ఇంజిక్కరి చేసి డబ్బాలో పట్రా. ఉప్పేరి కూడా. అదొక పనా నీకు?"

"చేతిలో ఉన్న విద్య" అంది వల్యమ్మ.

"కాళన్ కూడా, వదినా" అంది అప్పచ్చి. "బయటి పెరుగు నాకు పడదు."

అంబిళి గుమ్మం పక్క నిలబడి గోళ్ళు అరచేతిలోకి గుచ్చుకుంది. ఒక్కమాట అనాలి. "వంట చెయ్యనంది కదా" అంటే చాలు. ఆ మాట గొంతు దాకా వచ్చి, వెగటుగా, పుల్లగా, మళ్ళీ కిందికి దిగిపోయింది. బడిలో పేరు పిలిస్తే "హాజరు" అనడానికే ఆమెకు చెవులు ఎర్రబడతాయి.

పండగకు ముందురోజు, ఉత్రాడం నాడు, రోజంతా అమ్మ వంటింట్లోనే ఉంది. అల్లం తరిగి, నూనెలో వేయించి, చింతపండు పులుసులో ఉడికించింది. అరటికాయలు చక్రాలు కోసి ఉప్పేరి వేయించింది. కాళన్‌కు పెరుగు చిలికింది. అంబిళి పక్కన కూర్చుని కొబ్బరి కోరింది. 

"ఎందుకమ్మా?" అంది ఒకసారి.

"మూడే కదే" అంది అమ్మ. "రేపు కూర్చుంటాం కదా."

తిరువోణం నాడు అమ్మ పెళ్ళినాటి కసవు చీర కట్టుకుంది. మడతల దగ్గర జరీ నల్లబడింది కానీ, జడలో మల్లెలు పెట్టుకునేసరికి అమ్మ వేరే మనిషిలా ఉంది. ఇంజి, ఉప్పేరి, కాళన్ ఉన్న మూడంతస్తుల టిఫిన్ డబ్బా ఒళ్ళో పెట్టుకుని వల్యచ్ఛన్ కారులో వెనక ఇరుక్కుని కూర్చుంది.

మయూర మాళికలో అడుగు పెట్టగానే వాసన కొట్టింది. సాంబారు, చెమట, మల్లెపూలు, తడిసిన అరటాకు, అన్నీ కలిసిన వాసన. హాలు నిండా పొడుగాటి బల్లలు. ప్రతి కుర్చీలో ఒకరు తింటున్నారు, ప్రతి కుర్చీ వెనకా ఇంకొకరు నిలబడి ఉన్నారు. నిలబడ్డవాళ్ళ చేతులు కుర్చీ వీపుల మీద, కళ్ళు తినేవాళ్ళ ఆకుల మీద. ఎవరి ఆకులో పాయసం పడుతుందో, ఎవరు ఆకు మడుస్తారో చూస్తూ గుటకలు మింగుతున్నారు. తినేవాళ్ళు తల ఎత్తడం లేదు. ప్రథమన్‌ను ఆకు మీదే పోయించుకుని, అరటిపండు, పప్పడం అందులో పిసికి, అరచేత్తో తోడుకుని జుర్రుతున్నారు. ఒకాయన మోచేతి దాకా కారిన పాయసాన్ని కిందనుంచి పైదాకా నాకాడు. అంబిళికి నోట్లో నీళ్ళూరాయి. అవి ఆకలి నీళ్ళు కావు.

వల్యచ్ఛన్‌కు తెలిసిన మేనేజరు సెలవులో ఉన్నాడు. 

"పోనీలే. నేను చెప్పినట్టు చెయ్యండి" అని ఆయన ముండు పైకి ఎగ్గట్టి యుద్ధానికి దిగాడు. "శశీ, ఆ బట్టతలాయన వెనక నిలబడు, రెండో పాయసంలో ఉన్నాడు. ఓమనా, ఆ ముసలావిడ దగ్గరికి పో, పెద్దగా తినదు. ఇందిరా, ఆ పిల్లాడి వెనక! అంబిళీ, చూస్తావేంటి, కుర్చీ పట్టుకో!"

ఎవరో తెలియని మనిషి మెడ వెనక అంబిళి నిలబడింది. ఆయన ఒకసారి వెనక్కి చూసి, ముద్ద గబగబా మింగాడు. సిగ్గుతో ఆమెకు ఒళ్ళంతా ముడుచుకుపోయింది. కాసేపటికి ఆయన లేచాడు. నల్లటి గుడ్డతో ఒకతను బల్ల తుడిచి, ఆ తడి మీదే కొత్త ఆకు పరిచాడు.

అలా ఒకే బల్లకు అటూ ఇటూ ఐదు కుర్చీలు దొరికాయి. ఉన్నది ఆరుగురు.

అందరి తలలూ అమ్మ వైపు తిరిగాయి, సాయంత్రమైతే ఆవులు కొట్టం వైపు తిరిగినట్టు.

"సుభద్రా, నువ్వు తర్వాతి బంతిలో కూర్చోరాదూ" అన్నాడు వల్యచ్ఛన్ కుర్చీ ముందుకు లాక్కుంటూ. "నీకు అలవాటేగా."

అమ్మ నవ్వింది. రోజూ నవ్వే నవ్వే. వెనక్కి జరిగి గోడకు ఆనుకుంది. నాన్న సగం లేచాడు, అన్న మోచెయ్యి తగలగానే మళ్ళీ కూర్చున్నాడు.

వడ్డన మొదలైంది. ఉప్పు, పచ్చళ్ళు, తోరన్, అవియల్, అన్నం వరసగా పడ్డాయి. వల్యచ్ఛన్ ఇంజిని వేలితో తీసి నాకి, మొహం చిట్లించాడు. "చెప్పానా, బెల్లం! సుభద్రా, మన డబ్బా తియ్. అందరికీ తలా కాస్త వెయ్యి."

అమ్మ డబ్బా మూత తీసింది. చీర కుచ్చెళ్ళు ఒక చేత్తో పట్టుకుని, నిలబడ్డ జనం మధ్య ఒదిగి ఒదిగి నడుస్తూ, స్పూనుతో ఒక్కొక్కరి ఆకులో ఇంజి వేసింది. తర్వాత కాళన్. తర్వాత ఉప్పేరి. ఎదుటి బల్ల దగ్గరున్న ఒకాయన ఆమెను వడ్డించే మనిషనుకుని చెయ్యి ఊపాడు. "చేచ్చీ, ఇటు రెండు గరిటెలు సాంబారు! ఎంతసేపు?"

అమ్మ ఆయన ఆకులో కూడా కాస్త ఇంజి వేసింది.

వల్యచ్ఛన్ పగలబడి నవ్వాడు. నోట్లోంచి అన్నం మెతుకు ఎగిరి అంబిళి ఆకు అంచున పడింది. "చూశావా ఇందిరా! సుభద్రకి ఇక్కడ ఉద్యోగం వచ్చింది!"

"జీతం అడుగు వదినా" అంది అప్పచ్చి.

నాన్న కూడా నవ్వాడు, చిన్నగా, ఆకు వైపు చూస్తూ. అంబిళి ఆ తెల్లటి మెతుకునే చూస్తూ ఉండిపోయింది. అది తడిగా మెరుస్తోంది. ఇన్నేళ్ళూ అమ్మ తిన్నవి ఇవే కదా, వీళ్ళ నోళ్ళలో పట్టకుండా మిగిలినవి. ఆమె లేచి నిలబడింది.

వడ్డించిన ఆకు ముందునుంచి తినకుండా లేవడం ఎవరూ చెయ్యని పని. పక్కవాళ్ళు తిరిగి చూశారు. అంబిళి ఆ మెతుకున్న కొసను చింపి కింద పారేసింది.

"అమ్మా, కూర్చో. నేను ముట్టుకోలేదు."

"పిచ్చిదానా, పిల్ల తినకుండా నేనెలా..."

"కూర్చో." గొంతు పలచగా వచ్చింది కానీ, వచ్చింది. అమ్మ చేతిలోంచి డబ్బా తీసుకుని మూత బిగించింది. భుజం పట్టి అమ్మను కుర్చీలో కూలేసింది.

"అయితే నువ్వెక్కడ కూర్చుంటావే?" అన్నాడు వల్యచ్ఛన్ నమలడం ఆపకుండా.

అంబిళి బల్ల చుట్టూ తిరిగి వచ్చి ఆయన కుర్చీ వెనక నిలబడింది. రెండు చేతులూ కుర్చీ వీపు మీద వేసింది. ఆయన మెడ మీది మూడు మడతలు, వాటి మధ్య నల్లటి చెమట గీతలు, అంత దగ్గరనుంచి చూస్తుంటే డోకొచ్చింది. అయినా ఇంకా ముందుకు వంగింది.

"ఇక్కడే. మీది అయ్యాక."

"ఏంటే ఇది? వెళ్ళి పక్కన నిలబడు మోళే."

"అందరూ ఇలాగే నిలబడ్డారు కదా వల్యచ్ఛా."

ఆయన ఒక ముద్ద తిన్నాడు. ఆమె చూసింది. ఇంకో ముద్ద తిన్నాడు. దాన్నీ చూసింది. మెడ తడుముకున్నాడు. అడ ప్రథమన్ వచ్చింది. ఆయన అరటిపండు పిసకబోయి, వెనక్కి చూసి, పిసక్కుండానే తిన్నాడు. "పిల్లకి ఆకలేస్తోందయ్యా, కాస్త తొందరగా కానివ్వు" అని పక్క కుర్చీ వెనక నిలబడ్డ ముసలాయన గదమాయించాడు. నలుగురు నవ్వారు. వల్యచ్ఛన్ చెవులు ఎర్రబడ్డాయి. అంబిళి చెవులు కూడా ఎర్రగానే ఉన్నాయి, కానీ కాలు కదపలేదు.

పాలడ బకెట్టు ఇంకా నాలుగు ఆకుల అవతల ఉండగానే ఆయన ఆకు మడిచి లేచిపోయాడు. వెనకే వల్యమ్మ, అప్పచ్చి లేచారు. "ఇలాంటి పెంపకం నేనెక్కడా చూళ్ళేదు" అని వల్యమ్మ అందరికీ వినబడేలా అంది. నాన్న ఆకు మడవకుండా కాసేపు అలాగే కూర్చుని, తర్వాత ఆయనా చెయ్యి కడుక్కోవడానికి వెళ్ళాడు. వెళ్తూ అమ్మ వైపు చూశాడు. అమ్మ చూడలేదు.

నల్ల గుడ్డ వచ్చి వల్యచ్ఛన్ కూర్చున్న చోటు తుడిచింది. కొత్త ఆకు పడింది. అంబిళి కూర్చుంది. వేడి అన్నం, పప్పు, నెయ్యి ముందుకొచ్చాయి. ఒక్క ముద్ద కలిపి ఆకులోనే వదిలేసింది. కుర్చీ ఇంకా వెచ్చగా ఉంది, ఆ వెచ్చదనం గౌనులోంచి ఒంటికి అంటుతుంటే అసహ్యంగా ఉంది. వెనక ఎవరో అప్పుడే వచ్చి నిలబడ్డారు. వాళ్ళ ఊపిరి జడకు తగులుతోంది.

ఎదురుగా అమ్మ తింటోంది. అమ్మ ఇలా తినడం అంబిళి ఎప్పుడూ చూడలేదు. అమ్మ సాంబారు అయ్యాక రసం అడిగింది, రసానికి మళ్ళీ అన్నం అడిగింది. పొగలు కక్కుతున్న ప్రథమన్ ఆకు మీద పడగానే వేలు కాలి, చప్పున తీసి ఊదుకుంది. తను చేసిన ఇంజి ఆకులో అలాగే మిగిలి ఉందని కూడా గమనించినట్టు లేదు. అమ్మ వెనకా ఇద్దరు నిలబడి ఉన్నారు. వాళ్ళను కూడా గమనించలేదు.

బయట వల్యచ్ఛన్ కారు హారన్ కొట్టాడు. మళ్ళీ కొట్టాడు. ఈసారి చెయ్యి తియ్యకుండా కొట్టాడు. హాల్లో తలలు గుమ్మం వైపు తిరిగాయి.

అమ్మ తల ఎత్తింది. విన్నది. పాలడ బకెట్టు మోసుకెళ్తున్న అతణ్ణి చేత్తో ఆపింది.

"ఇంకో గరిటె వెయ్యి నాయనా" అంది. "తర్వాత బోళి కూడా."