తాళంచెవి పందెం

కొడుకు మళ్ళీ కావాలనే ఓడిపోతున్నాడని ఆట సగానికి రాకముందే సంపూర్ణమ్మకు తెలిసిపోయింది. వామనగుంటల పీట మీద ఖాళీ గుంట కళ్ళెదురుగా కనిపిస్తున్నా, దాని పక్కన నిండుగా ఉన్న చింతపిక్కలు గెలుచుకోకుండా వేరే గుంట తీస్తాడు. పైగా "అయ్యో, చూసుకోలేదమ్మా!" అంటాడు. ఆమెకు ఒళ్ళు మండిపోయింది. డెబ్బై దాటిన మనిషిని పసిపిల్లను ఆడించినట్టు ఆడించడమేంటి?

ఆమె చేసిన నేరమల్లా, పూలమ్మే మరిడమ్మ ఇంట్లో ఈ ఆటే ఆడి వస్తూ ఒక్కసారి దారి తప్పడం. వీధి మలుపులో ఏళ్ళ తరబడి ఉన్న సోడా కొట్టు తీసేసి ఎస్టీడీ బూత్ పెడితే, తణుకులో ఎవరు మాత్రం తప్పరు? ఆ మర్నాటి నుంచీ కొడుకూ కోడలూ ఉద్యోగాలకు వెళ్తూ వరండా గ్రిల్‌కు బయట తాళం వేసుకుపోతున్నారు. "బుర్రకు పని పెట్టండి, మతిమరుపు ముదరదు" అన్నారట డాక్టరు గారు. అందుకని కొడుకు ఉదయ్‌భాస్కర్ ఈ టేకు పీట కొనితెచ్చాడు. మరిడమ్మ రోజూ బుట్టతో వచ్చి నిలబడుతుంది గానీ, ఆ గ్రిల్ సందుల్లోంచి మూర పూలు దూరతాయి తప్ప చెయ్యి దూరదు. ఇంకేం ఆడతారు?

"ఇంకో ఆట వెయ్యరా. నేను గెలిస్తే తాళంచెవి నాకిచ్చెయ్యాలి" అంది సంపూర్ణమ్మ.

"అలాగేనమ్మా" అని నవ్వాడు. నవ్వాడే గానీ, ఈసారి పిక్కలు తీసే ముందు గుంటల మీదుగా వేలు ఆడిస్తూ లెక్కపెట్టుకున్నాడు. దొరికిన గుంటనల్లా దోచుకున్నాడు. ఆమెకు ప్రాణం లేచొచ్చింది. ఎన్నాళ్ళకు ఎదురుగా ఆడే మనిషి కూర్చున్నాడు! గుంటలన్నీ మనసులో పెట్టుకుని, తొందరపడకుండా పంచుతూ, చివరికి అతని వైపు ఒక్క పిక్క లేకుండా ఊడ్చేసింది.

ఉదయ్‌భాస్కర్ ఆనందం పట్టలేక లోపలికి కేకేశాడు. "ఏమోయ్, అమ్మ నిజంగానే గెలిచింది! చూశావా, ఇలా ఇంటిపట్టునే ఉంచి ఆడిస్తుంటే బుర్ర ఎంత చురుగ్గా ఉందో!"

ఓడితే మతి పోయిందంటారు. గెలిస్తే ఇదీ వరస.

"తాళంచెవిరా" అంది సంపూర్ణమ్మ చెయ్యి చాపి.

"సరదాకి అన్న మాట పట్టుకుంటావేంటమ్మా! మధ్యాహ్నం ఒక్కదానివే ప్రాక్టీసు చేసుకో" అంటూ, చాపిన ఆ చేతిలో గుప్పెడు పిక్కలు పోసి, భార్యతో పాటు ఉద్యోగానికి బయటికొచ్చి, గ్రిల్ తలుపు లాగి తాళం వేశాడు.