ఖర్జూర చెట్టుకు స్టెతస్కోపు

ఆ శుక్రవారం సౌదీలో, అల్ ఖర్జ్‌లోని ఆ ఇంట్లో ఉన్నది నలుగురు. రాత్రి డ్యూటీ చేసొచ్చి వెనక గదిలో నిద్రపోతున్న నర్సు దీనమ్మ, ఏసీలు బాగుచేసే ఆమె తమ్ముడు జాబేజ్, అతని భార్య రూబీ, పదో తరగతి పరీక్షలు రాసి కోనసీమ నుంచి వచ్చిన దీనమ్మ కూతురు సుజిత. రూబీ చేపల పులుసు మీద ఉంది కాబట్టి ఉన్నా లేనట్టే.

వెనక గది రేకుల మీదికి ఒక ఖర్జూర చెట్టు ఒరిగి ఉంది. దాని మొదట్లో వేలు దూరేంత రంధ్రాలు, వాటి నిండా నమిలి ఉమ్మినట్టున్న పీచు, కారి అట్టకట్టిన గోధుమరంగు జిగురు. దగ్గరికెళితే పులిసిన కల్లు వాసన. కోనసీమలో సుజిత వాళ్ల ఊళ్లో కొబ్బరి దింపు తీసే ఏసుపాదం చెట్టెక్కే ముందు మానుకు చెవి ఆనించేవాడు. లోపల ఎర్రముక్కు పురుగు పిల్లలు కొరుకుతున్న చప్పుడు వినబడితే ఎక్కేవాడు కాదు. అలాంటి చెట్టు పైకి పచ్చగానే ఉంటుంది. లోపల డొల్ల, గాలికి విరుగుతుంది. ఆ సాయంత్రం ఇసుక గాలి వస్తుందని అందరి ఫోన్లలోనూ హెచ్చరిక. చెట్టు విరిగితే పడేది అమ్మ మంచం మీద.

ఈ మాట సుజిత డైరీలో మూడుసార్లు రాసుకుంది. నోరు విప్పడానికి మాత్రం నాలుగు రోజులు పట్టింది.

"మావయ్యా, చెట్టులో పురుగుంది."

"పురుగు కాదు కోడలా, నా ఏసీ నీళ్లు. పైపు అక్కడే వదిలాను. తడికి కుళ్లింది."

"నీళ్లు జిగురుగా ఉండవు కదా."

"ఇరవై ఏళ్లుగా ఈ దేశంలో ఏసీలు బిగిస్తన్నాను. పైపు నీళ్లెలా ఉంటాయో నువ్వు చెప్తావా?"

వంటింట్లోంచి రూబీ అందుకుంది. "రోజూ ఆ చెట్టుని వాటేసుకుని నిలబడతంది. పక్కింటి సూడానీ ఆవిడ అడిగింది, పిల్లకి ఒంట్లో బాగోలేదా అని!"

సుజితకు ఒళ్లు మండింది. తల్లి సంచిలోని స్టెతస్కోపు తెచ్చి మావయ్య చెవులకు తగిలించి, రెండో కొస మానుకు ఆనించింది.

"గుర్రుమంటంది. నా కంప్రెసరే," అన్నాడు జాబేజ్, గెలిచినట్టు.

సుజిత వెళ్లి ఏసీ స్విచ్చి కట్టేసింది.

"ఒసేయ్! నలభై ఏడు డిగ్రీలే! మీ అమ్మ ఉడికిపోద్ది!"

"ముందు వినండి!"

ఆ ఇంటికి వచ్చాక ఆమె గొంతు అంత పైకి లేవడం అదే మొదటిసారి. జాబేజ్ విన్నాడు. కరకర, కరకర. కంప్రెసరు వైపు అనుమానంగా చూశాడు. అది ఆగే ఉంది.

వెనక గది తలుపు తెరుచుకుంది. దీనమ్మ జుట్టు విరబోసుకుని, చెమటతో వచ్చింది.

"ఎవరాపారు? పన్నెండు గంటలు నిలబడొచ్చిన మనిషిని ఒక్క పూట పడుకోనివ్వరా? అది నా స్టెతస్కోపు కాదూ? చెట్టుకి గుండె జబ్బేంటే?"

"అమ్మా, ఒక్కసారి విను."

తిట్టడం ఆపకుండానే దీనమ్మ దాన్ని చెవులకు పెట్టుకుంది. ఒకచోట ఆనించింది. రెండు వేళ్లు పైకి జరిపింది. ఇంకాస్త పక్కకు జరిపింది. తిట్లు ఆగిపోయాయి. తలెత్తి, రేకుల మీదికి ఒరిగిన చెట్టును కాసేపు చూసింది.

"జాబేజూ, ఇంటాయనకి ఫోన్ చెయ్యి. సాయంత్రంలోగా ఇది నరికించమను."

"శుక్రవారం సెలవు కదా, ఎవరొస్తారక్కా?"

"రాకపోతే ఈ రాత్రి నా గదిలో నువ్వు పడుకో."

జాబేజ్ ఫోను తీశాడు.

దీనమ్మ దిండు చంకన పెట్టుకుని, వీధి వైపున్న సుజిత గదికి నడిచింది. సుజిత వెనకే పరుగెత్తింది. మంచం మీద డైరీ తెరిచి ఉంది.

"అమ్మా, నా డైరీ..."

"ఇంకొక్క మాటన్నావంటే చూడు," అని దీనమ్మ ఆమె మొహం మీదే తలుపు వేసేసింది.