ఊఁ అన్నందుకు

చెప్పేవాడికి వినేవాడు లోకువ అంటారు గానీ, వినడమెంత కష్టమో నిస్సీని అడగండి. పెంటపాడు పిల్ల. పలకరిస్తే చాలు, "అయ్యో, అలాగా అండీ, ఎంత కష్టమొచ్చిందండీ" అనేసే ఇళ్ళ మధ్య పుట్టి, ఆ నోరు కట్టేసుకునే చదువులో చేరింది. సైకోఎనలిస్ట్ అవుతుందట! వట్లూరులో ఒక కాలేజీలో కౌన్సిలర్‌గా పనిచేస్తూ శనివారాలు ఆన్‌లైన్‌లో పాఠాలు వినేది. పాఠాలొక్కటే చాలవు. తనొక పేషెంటుని చూడాలి, ఆ కేసుని వారం వారం హైదరాబాదులో ఉన్న గురువు భార్గవి గారికి అప్పజెప్పాలి. అదీ చాలక, తనే ఇంకొకరి ముందు పేషెంటై తన మనసు విప్పాలి. ఊరి చెత్త ఎత్తే ముందు నీ ఇల్లు ఊడ్చుకో అన్నమాట.

"ఓదార్చకు నిస్సీ. సలహాలివ్వకు. మధ్యలో ఊఁ అను, చాలు," అన్నారు భార్గవి గారు.

ఆ మాట ఏ దేశంలో చెల్లుతుందో గానీ మన దగ్గర చెల్లుతుందా? కథకి కొట్టేదీ ఊఁయే, పెళ్ళికి ఒప్పుకునేదీ ఊఁయే. పోనీ నోరు మూసుకుందామంటే మౌనం అర్ధాంగీకారమాయె! అయినా గురువు చెప్పింది కదా అని నిస్సీ ఊఁ నేర్చుకుంది. మెల్లగా, సాగదీసి, అవుననీ కాదనీ తెలియకుండా.

ఆమెకి దొరికిన పేషెంటు వీర్రాజు. కొల్లేరులో చేపల చెరువుల మీద కాపలా. నిద్ర పట్టడం లేదని ఏలూరులో డాక్టరు గారి దగ్గరికి వెళ్తే ఆయన నిస్సీ దగ్గరికి పంపాడు. వట్లూరులో ఒక మేడ మీద గదిలో వీర్రాజు మంచం మీద పడుకుని మనసుకి ఏం తోస్తే అది చెప్పేవాడు. నిస్సీ అతనికి కనబడకుండా తలాపున కుర్చీలో కూర్చునేది.

అతను ఎక్కడ మొదలెట్టినా అన్న సత్తిరాజు దగ్గరే తేలేవాడు. తండ్రి పోయాక అన్నే పెంచాడు. పెంచాడా, చావగొట్టాడా! మేత బస్తా మొయ్యలేదని కొట్టేవాడు, వల చిరిగిందని కొట్టేవాడు, ఏమీ లేకపోతే ఊరికే కొట్టేవాడు. చెరువులో తల ముంచి, బుడగలు ఆగేదాకా పట్టుకునేవాడు. ఒకసారి చెంప మీద కొట్టిన దెబ్బకి వీర్రాజు ఎడమ చెవి పోయింది. ఇవన్నీ అతను వాతావరణం చెప్పినట్టు చెప్పేవాడు. వెనక కూర్చున్న నిస్సీకి మాత్రం గోళ్ళు అరచేతుల్లో దిగబడేవి.

ఎందుకు దిగబడవు? తను పేషెంటుగా వెళ్ళే ఎనలిస్టు ఇంటి సంగతి అడిగినప్పుడల్లా, "మా ఇంట్లో ఎవరూ గట్టిగా మాట్లాడరండీ" అని చెప్పేది. అబద్ధం కాదది. నాన్న బాలస్వామి మేష్టారు చాలా నెమ్మదస్తుడు. తలుపులు వేసి, టీవీ సౌండు పెంచి, అప్పుడు అమ్మని కొట్టేవాడు. ఏవండీ వద్దండీ, ఏవండీ వద్దండీ అని అమ్మ కూడా మెల్లగానే ఏడ్చేది. కడుపు చించుకుంటే కాళ్ళ మీద పడుతుందని నిస్సీ ఆ సంగతి ఎవరికీ చెప్పలేదు. చెప్పాల్సిన చోట కూడా చెప్పలేదు.

ఒక బుధవారం వీర్రాజు వచ్చి పడుకున్నాడు.

"నిన్న మా అన్న మా పాపని కొట్టాడండీ," అన్నాడు. "చెవి మీదేనండీ. రత్తం కారింది. నేనక్కడే ఉన్నానండీ. చూస్తా నించున్నాను. ఆణ్ణి నరికెయ్యాలండీ."

"ఊఁ," అంది నిస్సీ.

రోజూ అనే ఊఁ కాదు. సాగలేదు. ఠక్కున పడింది.

వీర్రాజు లేచి కూర్చున్నాడు. మొదటిసారి వెనక్కి తిరిగి ఆమె మొహం చూశాడు. "ఈ మాట కోసమే చూస్తన్నానండీ," అని చెప్పులేసుకుని మెట్లు దిగి వెళ్ళిపోయాడు.

అమ్మ బాబోయ్! పేషెంటు వెంట పడకూడదని చదువుకుంది కదా, కాసేపు కుర్చీకే అతుక్కుపోయింది. తర్వాత భార్గవి గారికి ఫోన్ చేసింది. ఆవిడ మొత్తం విననైనా వినలేదు. "రూలూ లేదు, గీలూ లేదు. మనిషి ప్రాణం నిస్సీ! పోలీసులకి చెప్పు. అతనికి ఫోన్ చెయ్యి." పోలీసులు మనుషుల్ని పంపిస్తామన్నారు. వీర్రాజు ఫోన్ ఎత్తలేదు. నిస్సీ స్కూటీ తీసి ఏలూరు దాటి, అతను చెప్పిన గుర్తుల్ని బట్టి కొల్లేరు రోడ్డు పట్టుకుంది.

ఆమె వెళ్ళేసరికే గట్టు మీద నెత్తురు. పోలీసులు ఇంకా రాలేదు. వల లాగుతున్న కూలీలు వల వదిలేసి దూరంగా నిలబడి అరుస్తున్నారు. కత్తి పట్టుకున్నవాడి దగ్గరికి ఎవడు పోతాడు? మోకాలి లోతు నీళ్ళలో సత్తిరాజు వెల్లకిలా పడి ఉన్నాడు. భుజం మీద కండ తెగి వేలాడుతోంది. వీర్రాజు అతని గుండె మీద కాలేసి తొక్కుతున్నాడు. తల మునుగుతోంది, తేలుతోంది, మళ్ళీ మునుగుతోంది. తేలినప్పుడల్లా సత్తిరాజు నోట్లోంచి నీళ్ళూ బూతులూ కలిసి వస్తున్నాయి.

"వచ్చారా అండీ!" వీర్రాజు మొహం వెలిగింది. కూలీల వైపు తిరిగి, "మేడమ్ గారు ఊఁ అన్నార్రా! చదువుకున్నావిడ, ఊరికే అంటారా?" అని కత్తి పైకెత్తాడు.

వద్దు అనాలి. నిస్సీ నోరు తెరిచింది, మాట రాలేదు. ఎందుకు రాలేదో ఆమెకి తెలుసు. ఆ దెబ్బ పడితే చూడాలని ఉంది. కళ్ళారా చూడాలని ఉంది.

"వీర్రాజు గారూ!" అని కేక పెట్టింది. "నిజమేనండీ, అన్నాను. అతను చావాలనే అన్నాను. కానీ ఆ చావు మీ అన్నయ్యది కాదండీ, మా నాన్నది. మా అమ్మని కొట్టేవాడు. నా కోపం మీ చేతికిచ్చానండీ. కత్తి దించండి. నా కోపానికి మీరు హత్య చెయ్యకండి!"

వీర్రాజు చెయ్యి గాల్లోనే ఆగింది. ఆమెని అలాగే చూస్తూ మెల్లగా కత్తి దించాడు. గుండె మీంచి కాలు తీశాడు.

"అయితే మరి నా కోపం ఏదండీ?" అన్నాడు. నిజంగానే అడిగాడు.

ఆ సందు చాలింది సత్తిరాజుకి. తమ్ముడి కాలు పట్టి ఒక్క గుంజు గుంజాడు. ఇద్దరూ నీళ్ళలో దొర్లారు. లేచేసరికి కత్తి సత్తిరాజు చేతిలో ఉంది. తోడబుట్టినవాడని చూడలేదు. పక్కటెముకల కింద పొడిచాడు, లాగి మళ్ళీ పొడిచాడు. అప్పుడు కదిలారు కూలీలు, వెదురు గెడలతో. సత్తిరాజు స్పృహ తప్పేదాకా కొట్టారు.

వీర్రాజుని చేపల వ్యానులో ఐసు పెట్టెల మధ్య పడుకోబెట్టారు. నిస్సీ చున్నీ ఉండచుట్టి గాయంలోకి అదిమి పట్టుకుంది. దారంతా మాట్లాడుతూనే ఉంది. భయపడకండి, కళ్ళు మూసుకోకండి, మీ పాప ఉందండీ అంటూ, ఇన్నాళ్ళూ మింగిన ఓదార్పులన్నీ కక్కేసింది. ఏలూరు రాకముందే అతను పోయాడు. ఆ సంగతి తెలిశాక కూడా ఆమె నోరు ఆగలేదు.

ఆ సాయంత్రం ఆస్పత్రి వరండాలో వీర్రాజు భార్య బిందు కూర్చుని ఉంది. చెవిలో దూది పెట్టిన పిల్ల ఒళ్ళో పడుకుంది.

"మా ఆయన వెళ్తా వెళ్తా ఫోన్ చేశారండీ," అంది బిందు. ఏడవడం లేదు. "మేడమ్ గారు ఊఁ అన్నారన్నారు. అన్నారా అండీ?"

"అన్నానండీ."

"మళ్ళీ కత్తి దించమన్నదీ మీరేనంట?"

"నేనేనండీ."

"ఆడు బతికే ఉన్నాడండీ. పోలీసులు తెచ్చి, కట్టు కట్టించి లోపల వార్డులో పడుకోబెట్టారు. జైలుకి పోతాడు, బెయిలు మీద వస్తాడు. వచ్చి మా ఇంటి తలుపే కొడతాడు." బిందు పిల్ల తల మీద చెయ్యి వేసింది. "ఏదో ఒక మాట మీద ఉండాల్సింది కదమ్మా మీరు."

నిస్సీ ఆమె పక్కన నేల మీద కూలబడింది.