కోళ్లు చూసే దిక్కు

రోజూ పొద్దున్నే కోళ్లకు నూకలు చల్లాకే గోరి తన పొయ్యి వెలిగిస్తుంది. ఆ రోజు మాత్రం నూకలు చల్లలేదు. కడుపు నిండిన కోడి బండి కుదుపులకు తట్టుకోలేదు. కాసిని నీళ్లు తాగించి, కాళ్లు కట్టకుండా వెదురు గంపల్లో కూర్చోబెట్టి, పైన వల బిగించి తడి గోనె కప్పింది. టేకులపల్లి దగ్గరి తండా నుంచి సిద్దిపేట దాకా పోవాలి. అక్కడ భర్త రూప్లాకు కోళ్ల ఫారంలో వాచ్‌మన్ పని దొరికింది. తను ముందే వెళ్లి, సామాన్లకు బొలెరో బండి మాట్లాడి పంపాడు.

గోరి కోళ్లకు ఒక అలవాటుంది. గంపలో కూర్చోబెడితే చాలు, ఆ రాత్రి ఎక్కడ పడుకోబోతున్నాయో అటే ముఖం పెడతాయి. సంతలో ఆమె దగ్గర కొనేవాళ్లు, కోడి తమ ఊరివైపు తిరగకపోతే బేరం కూడా ఆడకుండా పోయేవారు.

బండి నడిపేది కొత్తగూడెం మొహసిన్. "అక్కా, ముందు కూసో. వెనక ఎండ కొడతది" అన్నాడు.

"కోళ్ల కాడ్నే కూసుంట తమ్మీ" అని గోరి బియ్యం మూట మీద చతికిలబడింది.

మొదటి చూపులోనే అతని మీద ఆమెకు నమ్మకం కుదరలేదు. గంప ఎక్కిస్తూ చేత్తో బరువు చూశాడు. పెట్టలెన్ని, పుంజులెన్ని అని ఆరా తీశాడు. కోడి మీద ప్రేమ ఉన్నవాడు బరువు చూస్తాడా? పైగా వాళ్ల అన్నకు కొత్తగూడెంలో చికెన్ షాపుందని తనే చెప్పి, చెప్పాక నాలుక కరుచుకున్నాడు.

ఇల్లందు దాటాక ఎండ ముదిరింది. ఎండిన గోనెను తడపడానికి గోరి పక్కకు తీసింది. కోళ్లన్నీ వెనక్కి తిరిగి కూర్చున్నాయి. బండి పడమటికి పోతుంటే అవి తూర్పుకు చూస్తున్నాయి. గంపను అటుది ఇటు తిప్పి పెట్టింది. ఒక్కొక్కటీ రెక్కలు సర్దుకుని మళ్లీ తూర్పుకే తిరిగింది.

తూర్పున ఏముంది? కొత్తగూడెం ఉంది. కొత్తగూడెంలో చికెన్ షాపు ఉంది. అప్పటి నుంచి అద్దంలో మొహసిన్ కళ్లు కనబడ్డప్పుడల్లా గోరి గంప మీద చెయ్యి వేసింది.

మహబూబాబాద్ దాటి చాయ్ హోటల్ దగ్గర బండి ఆగింది. మొహసిన్ మగ్గుతో నీళ్లు తెచ్చాడు. గోరి వాసన చూసి రోడ్డు మీద పారబోసి, తన సీసాలోని నీళ్లే కోళ్లకు పోసింది.

"దిగక్కా, జర చాయ్ తాగు. కోళ్లను నేను చూస్త."

"నువ్వు చూసింది చాలు."

అతను దూరంగా వెళ్లి ఉర్దూలో చిన్న గొంతుతో ఫోన్ మాట్లాడాడు. అందులో ఆమెకు అర్థమైంది ఒక్కటే, రూప్లా భాయ్ అన్న పేరు. గోరి బండి దిగి ఎదురుగా నిలబడింది.

"మా ఆయన పేరెందుకొచ్చింది? ఈ కోళ్లు రాత్రికి ఏడ పండుకుంటయ్? నిజం చెప్పు."

మొహసిన్ గంపలోకి చూశాడు. వాటి అలవాటు గురించి సంతలో అతనూ విన్నాడు; అవి ఎటు తిరిగున్నాయో చూశాక ఇక బుకాయించలేదు. "నన్ను తిట్టకక్కా. ఫారంల పనిచేసేటోళ్లు ఇంటికాడ నాటుకోళ్లు పెంచొద్దంట, రోగాలొస్తయని సేట్ రానియ్యడంట. నిన్ను దింపి, కోళ్లను మా అన్న షాపుకు వాపస్ పట్కపొమ్మన్నడు రూప్లా భాయ్. వల ఊడి దారిల పోయినయని నీకు చెప్తనన్నడు."

దొంగ స్టీరింగ్ పట్టుకుని ఉన్నాడని ఆమె దారి పొడుగునా అనుకుంది. అసలు దొంగ సిద్దిపేటలో ఉన్నాడు. పిల్లలు లేని ఇంట్లో పొద్దున్నే గోరిని నిద్రలేపేవి ఆ కోళ్లేనని రూప్లాకు తెలుసు. తెలిసీ చేశాడు. గోరి మొహసిన్ ముందు ఏడవకూడదని కొంగు నోట్లో కుక్కుకుంది.

తర్వాత మొగుడికి ఫోన్ చేసి తండా భాషలో కడిగేసింది. రూప్లా మొదట నాకేం తెలియదన్నాడు. తర్వాత గొంతు తగ్గించాడు.

"కోళ్లను వద్దంటే నువ్వే రావని భయమైంది. ఈడ ఒక్కన్నే ఉండలేను."

"పొద్దటి సంది తూర్పుకే చూస్తున్నయ్."

"కొత్తగూడెమే కదా" అన్నాడతను, చేసింది ఒప్పుకుంటూ.

గోరి మళ్లీ గంపలోకి చూసింది. కొత్తగూడెం అటే. దానికంటే ముందు, అదే దారిలో, తండా కూడా అటే. అనుమానమంతా మొహసిన్ మీదే పెట్టుకోవడంతో ఆ సంగతి తోచనే లేదు.

"కాదు. మన గూడు" అంది.

ఆ కోళ్లతో వాదించిన మనిషి తండాలో లేడు. రూప్లా కూడా వాదించలేదు.

"ఇంటి తాళంచెవి నీ కాడ్నే ఉందా?" అన్నాడు చివరికి.

"ఉంది."

"నేనూ ఇంటికి బస్సుకొస్త. ఆలస్యమైతది. గడియ పెట్టకు."

గడియ సంగతి ఇంటికి పోయినంక చూస్తానని చెప్పి, గోరి బండి వెనక్కి తిప్పమంది.