బొట్టు పెట్టిన తీగ

నేను ఒక నీలిరంగు నెట్ తీగను. కడుపులో ఎనిమిది రాగి పోగులు, రెండు కొసల్లో గాజులా మెరిసే ప్లాస్టిక్ తలలు. ఎక్కడో ఫ్యాక్టరీలో చుట్టచుట్టి సంచిలో వేస్తే, ఎందరి చేతులో మారి ఈ జలాశయం గట్టు మీది కంట్రోల్ రూముకు చేరాను. ఒక తల గోడకున్న పెట్టెలో, ఇంకో తల లాప్‌టాప్ పక్కలో. అక్కడ చిన్న పచ్చ దీపం వెలుగుతుంటుంది. మనుషులు నన్ను చూడరు, ఆ దీపాన్నే చూస్తారు. నాకు ఒళ్ళు మండేది అందుకే.

లాప్‌టాప్‌లో నడిచేది లినక్స్ అనే సాఫ్ట్‌వేర్. మంచిదే కానీ మొండిది. గదిలో వైఫై కూడా ఉంది. అయినా నేను తగిలి ఉన్నంతసేపూ అది వైఫై వైపు తలతిప్పి చూడదు, ప్రతి మాటా నా గుండానే పంపుతుంది. నన్ను పీకితేనే వైఫైని పట్టుకుంటుంది. ఆ మాటల్లో ముఖ్యమైంది సైరన్. గేట్లు ఎత్తే ముందు ఇక్కడ మీట నొక్కితే, దూరంగా దిగువన ఏటి ఒడ్డున అది మోగాలి, మోగినట్టు తెర మీదికి జవాబు రావాలి. ఇసుకలో ఉన్నవాళ్ళు గట్టెక్కాలి.

ఆపరేటర్ మద్దిలేటికి పనిముట్లమైన మేమంటే భక్తి. పోయినేడు ఆయుధపూజ నాడు మోటార్లకూ రెంచీలకూ బొట్లు పెట్టి, నన్ను ఊడదీసి నా తలకు తడి పసుపు, కుంకుమ అద్దాడు. కళ్ళకద్దుకుని, ఆరనివ్వకుండానే మళ్ళీ గుచ్చాడు. పాపం, ఎంత ప్రేమో! ఆ తడి నా రాగి పళ్ళను తినడం మొదలుపెట్టింది. నా మాట పడిపోయింది. దీపం మాత్రం వెలుగుతూనే ఉంది.

గుమ్మానికి కట్టిన మామిడాకులు ఎండకముందే ఎగువన కుండపోత కురిసింది. గేట్లు ఎత్తక తప్పలేదు. మద్దిలేటి తమ్ముడు సుంకన్న దిగువ ఏట్లో ఇసుకదిబ్బ మీద గొర్రెల మందతో ఉన్నాడు. అక్కడ ఫోను పలకదు.

"సైరను ఇంటే పైకెక్కేస్తాడ్లే" అంటూ మద్దిలేటి మీట నొక్కాడు. ఆ మోత ఇక్కడికి వినపడదు. నా దీపం చూసి, కిటికీలోంచి గేట్ల దగ్గరివాళ్ళకు కేకేశాడు. "మోగిందప్పా, ఎత్తండి!"

నాకు భయం వేసింది. అరవడానికి నోరు లేదు.

గేట్లు లేచాక ఇంజనీరమ్మ హిమబిందు లోపలికి వచ్చి తెర చూసింది. "సైరన్ నుంచి జవాబు రాలేదేం మద్దిలేటీ?"

"లైటు పచ్చగానే ఉండాది గద మేడం."

ఆమె లాప్‌టాప్ ఆపి మళ్ళీ వేసింది. మీట నొక్కింది. జవాబు లేదు. వైఫై చూస్తే తగిలే ఉంది. తన ఫోనును అదే వైఫైకి కలిపితే అన్నీ చకచకా తెరుచుకున్నాయి. "వైఫై బాగుంది. ఇది దాన్ని వాడటం లేదంతే. తీగ అడ్డం పడింది, పీకెయ్!"

మద్దిలేటి చెయ్యి నా దాకా వచ్చి ఆగింది. "పూజ చేసింది మేడం. పున్నమి దాకా కదిలించనని మొక్కుకున్యా."

"అక్కడుండేది నీ తమ్ముడయ్యా!" అంటూ ఆమే నన్ను లాగి పారేసింది. లాప్‌టాప్ వైఫైని అందుకుంది. సైరన్ మోగింది, జవాబూ వచ్చింది. నీళ్ళు మాత్రం అప్పటికే దిబ్బ దాటిపోయాయి.

సుంకన్న దొరకలేదు. తుమ్మచెట్టుకు చిక్కుకున్న అతని గొంగడి దొరికింది. విచారణకు వచ్చినవాళ్ళు సైరన్ మోగిందా అని అడిగారు. మోగిందని ఇక్కడివాళ్ళు అన్నారు. ఎప్పుడు మోగిందో ఎవరూ అడగలేదు.

నన్ను చెత్తలో వేయమన్న హిమబిందుకు బదిలీ అయింది. కొత్త ఇంజనీరు వైఫై నెమ్మదిగా ఉందని విసుక్కుంటే, మద్దిలేటి మూలనున్న నన్ను తెచ్చి, పళ్ళకు పట్టిన చిలుము గీకి మళ్ళీ గుచ్చాడు. గోటికి ఎర్రగా కుంకుమ అంటింది. అయినా అతనికి తట్టలేదు. "పోయినేడు పూజలో ఏందో లోపం జరిగింటాది, అందుకే మావాడు పోయినాడు" అంటుంటాడు కనపడిన వాళ్ళందరితో.

ఇవాళ మళ్ళీ ఆయుధపూజ. ఈసారి లోపం జరగకూడదని నా రెండు తలలకూ దట్టంగా అద్దాడు, కళ్ళు తుడుచుకుంటూ. తడి ఆరకుండానే గుచ్చాడు. మిగిలిన గొర్రెలతో సుంకన్న భార్య ఓబులమ్మ పొద్దున్నే అదే దిబ్బ మీద దిగిందట. సైరన్ ఉంది కదా, భయం లేదని మద్దిలేటే ధైర్యం చెప్పి పంపాడు.

ఎగువన మబ్బు పడుతోంది. నా దీపం పచ్చగా వెలుగుతోంది.