సగం పేజీలో లేచిపోయే మిస్

నేను బడికి వెళ్ళడం మానేస్తున్నానని నాకు తెలిసింది, అతిథులకి సాంబారు వడ్డిస్తుండగా.

మా ఆయన అచ్యుత్ వైట్‌ఫీల్డ్ ఆఫీసువాళ్ళు ఇద్దరు, భార్యలతో కలిసి భోజనానికి వచ్చారు. వాళ్ళలో ఒకావిడ, “మీరేదో స్కూల్లో చెప్తున్నారట కదా?” అని నన్నే అడిగింది. గరిటె గిన్నెలో పెట్టి, “చెప్పడం కాదండీ, చదవడం సరిగా రాని పిల్లలు చదువుతుంటే పక్కన కూర్చుని...” అన్నానో లేదో, అచ్యుత్ అందుకున్నాడు. “బేసిగ్గా వరూ ఉద్దేశం ఏంటంటే, ఇంట్లో బోర్ కొడుతోందని టైంపాస్‌కి వెళ్తోంది. వచ్చే నెల మా చెల్లెలు శ్రీజ పురిటికి వస్తోంది కదా, మానేస్తోంది.” ఆవిడ నా వైపు చూడటం ఆపి ఆయన వైపు తిరిగి తలూపింది. “అవున్లెండి, పురుడంటే మాటలా” అంది. నేను సాంబారు వడ్డించాను. ఇంకాస్త వెయ్యనా అని అడిగాను. ఆ వాక్యం మాత్రం నన్ను పూర్తిచెయ్యనిచ్చారు.

పెళ్ళయిన ఎనిమిదేళ్ళ నుంచీ ఇదే వరస. డాక్టరు నొప్పి ఎక్కడమ్మా అని నన్నడిగితే ఆయన తన నడుం మీద చెయ్యి వేసి చూపిస్తాడు. మా అమ్మతో ఫోన్లో మాట్లాడుతుంటే పక్క నుంచి, “అదే అత్తయ్యా, వరూ ఏమంటోందంటే” అని రిసీవర్ తీసుకుంటాడు. పోనీ చెడ్డవాడా అంటే కాదు. చెయ్యెత్తడు, గొంతు పెంచడు, తాగడు. అలాంటివుంటే ఎవరితోనైనా చెప్పుకుని ఏడవొచ్చు. మాట మధ్యలో అందుకుంటాడమ్మా అని ఏ తల్లి దగ్గర చెప్పుకుంటాం? ఒకసారి చెప్పాను కూడా. “నీ మనసులో మాట నోటిదాకా రాకుండానే కనిపెడుతున్నాడంటే అదృష్టమే తల్లీ” అంది మా అమ్మ. కనిపెట్టడం లేదమ్మా, తన మనసులో మాట నా పేరు మీద చెప్తున్నాడు అందామనుకున్నాను. అంతలో కుక్కర్ కూసింది.

కావలిలో నాకు లెక్చరర్ ఉద్యోగం ఉండేది. బెంగళూరు వచ్చేటప్పుడు దాని సంగతేంటి అని నేను మొదలుపెడితే, “ఎలాగూ టెంపరరీ పోస్టే కదా” అని ఆయన ముగించాడు. అప్పటినుంచి డొమ్లూరులో ఈ మూడు గదుల ఇంట్లో నా ఉద్యోగం పర్మనెంటు. ఆయన క్యారియర్, అత్తయ్యగారి జొన్నరొట్టె, మాత్రలు, నీళ్ళ ట్యాంకరు, పనిమనిషి రాని రోజు అంట్లు, వచ్చిన రోజు ఆమె వెనక మళ్ళీ ఊడవడం.

అత్తయ్యగారి గురించి ఒక్క మాట చెప్పాలి. ఆవిడ నాతో మంచిగానే ఉంటారు. కానీ ఏ మాటా చివరిదాకా చెప్పరు. “ఆ రోజుల్లో నాకు వీణ అంటే...” అని ఆగుతారు. “శ్రీజ పుట్టినప్పుడు నేనసలు...” అని ఆగుతారు. ఆగి, కుడిపక్కకి చూస్తారు. మావయ్యగారు ఎప్పుడూ ఆ పక్కన కుర్చీలో కూర్చునేవారు. ఆయన పోయి చాలాకాలమైంది, కుర్చీ కూడా తీసేశాం. ఆవిడ ఇంకా ఎవరో అందుకుంటారని చూస్తూనే ఉంటారు. ఆ చూపు చూసినప్పుడల్లా నాకు భయం వేస్తుంది. జాలి కాదు, భయమే.

ఇక బడి. అలసూరు సందుల్లో పాత తెలుగు మీడియం ఎయిడెడ్ స్కూలు అది. పూలంగడుల వాళ్ళ పిల్లలు, ఆటోవాళ్ళ పిల్లలు, అనంతపురం నుంచి కట్టడం పనికి వచ్చినవాళ్ళ పిల్లలు చదువుతారు. అయిదో క్లాసుకి వచ్చినా గుణింతాల దగ్గరే తడబడేవాళ్ళని వేరుగా కూర్చోబెట్టి చదివించడానికి ఒక ట్రస్టువాళ్ళు బొమ్మల పుస్తకాలు ఇచ్చి, నాలాంటివాళ్ళని పంపిస్తున్నారు. మంగళ, శుక్రవారాలు మధ్యాహ్నం ఒక గంట. జీతం లేదు. అందుకే ఇంట్లో దాని పేరు టైంపాస్.

హెడ్‌మిస్ట్రెస్ సొన్నమ్మగారు మొదటి రోజే చెప్పారు. “పిల్లోళ్ళు చదివేటప్పుడు మాట అందీకూడదమ్మా. తట్టుకున్నా సరే, ఎంతసేపైనా సరే, సుమ్నే కూచోవల్ల. నోరు మూసుకోనుండేదే ఈడ పని.”

“దాంట్లో నాకు ఎనిమిదేళ్ళ సర్వీసుందండీ” అన్నాను. ఆవిడ నవ్వలేదు.

తీరా కూర్చుంటే ఎంత కష్టమో తెలిసింది. పిల్ల ‘మ’ దగ్గర ఆగితే చాలు, ‘మబ్బు’ అని నా నాలుక చివరికి వచ్చేస్తుంది. వచ్చెయ్యడమేంటి, మొదటివారం అనేశాను కూడా. వెంటనే ఒక చిన్న అరచెయ్యి నా మొహం ముందుకి లేచింది. అది వాళ్ళ పద్ధతి. ఎవరైనా మాట అందిస్తే చదివేవాళ్ళు అరచెయ్యి చూపిస్తారు, మిగతావాళ్ళూ చూపిస్తారు. వాక్యం పూర్తయ్యేదాకా ఆ చేతులు దిగవు. పూర్తయ్యాక బాగుందనీ, తప్పనీ అనకూడదు. “తర్వాత?” అని మాత్రమే అడగాలి.

నాకు చెయ్యి చూపించిన ఆ పిల్ల పేరు మునిరత్న. దొడ్డబళ్ళాపురంలో మరమగ్గాల చప్పుడు మధ్య పెరిగి వచ్చింది. మామూలుగా మాట్లాడినా అరిచినట్టే ఉంటుంది. చదివేటప్పుడు మాత్రం గొంతు చీమంత. వేలు పెట్టి ఒక్కో అక్షరం పైకెత్తుకుంటూ వెళ్తుంది. ఆ పిల్ల మబ్బు దగ్గర ఆగి, దానంతటది ‘మబ్బు’ అని, తలెత్తి నన్ను చూసిన రోజు, నాకు కావలిలో క్లాసులో కూడా రానంత సంతోషం వచ్చింది. బస్సులో ఇంటికొస్తూ నాలో నేనే నవ్వుకుంటే పక్కావిడ సీటు మారింది.

కానీ నా బ్యాగులో సెల్‌ఫోను ఉంది. అచ్యుత్ కొన్నాడు, “నీ సేఫ్టీ కోసమే” అని. అది నేను చాప మీద కూర్చోగానే మోగుతుంది. అత్తయ్యగారు. “వరూ, ఇంగువ డబ్బా...” అని ఆగుతారు. స్టవ్ పక్క అరలో ఉందండీ. ఎప్పుడూ అక్కడే ఉంటుంది. కాసేపటికి అచ్యుత్. “గీజరు ఆపావా? గ్యాసువాడు వస్తాడు, త్వరగా వెళ్ళు.” నేను వరండాలోకి వెళ్ళి మాట్లాడి వచ్చేసరికి మునిరత్న పుస్తకం మూసి బీరువాలో పెట్టేసేది. పుస్తకాలు ఇంటికివ్వరు. నేనేమో ఈసారి వచ్చినప్పుడు చదువుదాంలే అనేదాన్ని. ఆ మాట అనడం ఎంత సులభమో.

ఆ సాంబారు భోజనం తర్వాత వచ్చిన శనివారమే ట్రస్టు నుంచి గీతాంజలి అనే అమ్మాయి వచ్చింది. ఒంటిపూట బడి. వచ్చే ఏడాది ఎలా నడపాలో తేల్చడానికి పిల్లల అభిప్రాయం కావాలంది. పెద్దవాళ్ళెవరూ మాట్లాడకూడదు, వినొచ్చు. సొన్నమ్మగారు ఒక మూల, నేనొక మూల కూర్చున్నాం. ఇదే చివరిసారేమో, ఆ మాట వీళ్ళకెలా చెప్పాలా అని ఆలోచిస్తున్నాను. బయట అచ్యుత్ కారులో ఉన్నాడు. శ్రీజ కోసం ఏవో కొనాలి, పదకొండింటికల్లా రమ్మన్నాడు.

“ఈ క్లాసు ఎలా ఉంది? మంచీ చెడూ ఏదైనా చెప్పొచ్చు” అంది గీతాంజలి.

మస్తాన్ ముందు లేచాడు. “బాగుండాది. ఈడ కొట్టరు. తప్పు చదివినా నగరు.”

“బుక్కుల్లో అన్నీ ఏనుగులే మేడమ్” అన్నాడు హనుమంతు. “మా నాయన బస్సు డ్రైవరు. బస్సు కత యాడా లేదు.”

లావణ్య సిగ్గుపడుతూ చెప్పింది. “ఇంట్లో నేను చదువుతాంటే మా అవ్వ నిద్రపోతాది. మిస్ నిద్రపోదు.”

వెనక నుంచి ఒక పిల్లవాడు, యల్లప్ప, లేవకుండానే అన్నాడు. “నాకి ఇష్టంలేదు. ఈడికొచ్చేవాళ్ళని బయట దద్దమ్మ క్లాసు అంటారు. అందర్నీ ఈడ కూచోబెట్టండి, అప్పుడెవురంటారో చూద్దాం.” గీతాంజలి ఆ మాట రెండుసార్లు చెప్పించుకుని విన్నది. సొన్నమ్మగారు కొంగుతో మొహం తుడుచుకున్నారు.

మునిరత్న లేచింది. “క్లాసు బాగుండాది. మిస్ కూడా మంచిదే. గాని సగం పేజీలో లేచిపోతాది.”

నేను బ్యాగుని చాప కిందికి తోశాను.

“ఫోన్ కూస్తే చాలు, పోతాది. ఇంగువ డబ్బా ఏడుందని అడుగుతారు వాళ్ళింట్లో. దినామూ ఆడే ఉంటాదంట, అయినా అడుగుతారు. నా కతలో కోడి సంతకి బయల్దేరి చానా దినాలయింది. పోయిందా లేదా ఇంకా నాకి తెలీదు.”

పిల్లలెవరూ నవ్వలేదు. అందరికీ తెలిసిన సంగతే కాబోలు.

“అయితే ఏం చేస్తే బాగుంటుందంటావు?” అంది గీతాంజలి.

మునిరత్న కాసేపు ఆలోచించింది. ఎవరూ మాట అందించలేదు. “మిస్‌వాళ్ళ ఇంట్లో కూడా ఈ క్లాసు పెట్టల్ల. ఒకరు మాట్లాడేటప్పుడు ఇంకొకరు ఆగల్లని మాకి నేర్పించినారు. వాళ్ళకి ఎవురూ నేర్పించలేదు, పాపం.”

ఆ ‘పాపం’ నాకు తగిలింది. నన్నని ఉంటే సిగ్గుపడి ఊరుకునేదాన్నేమో. మా ఇంటి మీద పదేళ్ళ పిల్ల జాలిపడుతోంది. అంతకంటే, ఇన్నాళ్ళూ నా మాట మధ్యలో కోసేస్తున్నారని కుమిలిపోతున్న నేను ఈ పిల్ల మాటని మధ్యలో వదిలేసి పోతున్నానని తెలిసి ఒళ్ళు మండింది. నా మీదే మండింది.

గుమ్మం దగ్గర నవ్వు వినిపించింది. అచ్యుత్. కారులో విసుగొచ్చి లోపలికి వచ్చినట్టున్నాడు, తాళాలు వేలికి తిప్పుకుంటూ నిలబడ్డాడు. “ఆ ఇంట్లోవాణ్ణి నేనే” అన్నాడు సరదాగా. “మేడమ్, బేసిగ్గా వరూ ఉద్దేశం ఏంటంటే, తనకీ రావాలనే ఉంది, కానీ వచ్చే నెల నుంచి...”

మునిరత్న అరచెయ్యి లేచింది.

మస్తాన్ చెయ్యి లేచింది. హనుమంతు, లావణ్య, ఆఖరికి క్లాసు ఇష్టం లేదన్న యల్లప్ప కూడా. చాప మీద ఉన్నవాళ్ళందరూ మా ఆయనకి అరచేతులు చూపించారు. ఆయన తాళాలు తిప్పడం ఆపి నా వైపు చూశాడు. “ఏంటిది వరూ?”

“ఆయమ్మ ఉద్దేశం ఆయమ్మే చెప్తాది సార్” అన్నారు సొన్నమ్మగారు మూల నుంచి. “సుమ్నే ఉండండి.”

“నేను...” అన్నాను. ఆగిపోయాను. శ్రీజ గుర్తొచ్చింది, మంచి పిల్ల, కాళ్ళు వాచి ఉన్నాయి. అత్తయ్యగారు కుడిపక్కకి చూసే చూపు గుర్తొచ్చింది. ఇంట్లో అయితే ఈపాటికి ఎవరో ఒకరు నా వాక్యం అందుకుని, ముగించి, నాకు గరిటె ఇచ్చేసేవారు. ఇక్కడ ఎవరూ అందుకోలేదు. హనుమంతుకి చెయ్యి నొప్పెట్టి రెండో చేత్తో మోచెయ్యి పట్టుకున్నాడు గానీ దించలేదు. గీతాంజలి కూడా ఆగింది. అచ్యుత్ రెండుసార్లు నోరు తెరిచి, ఆ చేతుల్ని చూసి మూసుకున్నాడు.

“నేను మానను” అన్నాను. నా గొంతు నాకే చీమంత వినిపించింది. మళ్ళీ అన్నాను. “నేను మానడం లేదు. శ్రీజ రానీండి, ఇద్దరం చూసుకుందాం, ఆమె మీకే కదా చెల్లెలు. మంగళవారం, శుక్రవారం ఈ గంట నాది. ఫోను ఇంట్లో పెట్టి వస్తాను.”

చేతులు దిగాయి.

మునిరత్న నన్ను సూటిగా చూస్తూ, నేనెప్పుడూ అడిగినట్టే అడిగింది. “తర్వాత, మిస్?”

ఆ మాట నన్ను అంతకుముందు ఎవరూ అడగలేదు. “తర్వాత,” అన్నాను, “నువ్వు ఆ కోడిని సంతకి చేర్చేదాకా నేనిక్కణ్ణించి లేవను. పుస్తకం తీసుకురా.”

అచ్యుత్ గడియారం చూసుకున్నాడు. “వరూ, షాపులో...” అని తనే ఆగాడు. సరిగ్గా అప్పుడే నా బ్యాగులో ఫోను మోగింది. చాప మీదున్న పిల్లలందరూ నా మొహంలోకి చూశారు. నేను కూర్చున్నచోటు నుంచి కదలకుండా ఫోను తీసి, చెయ్యి చాపి అచ్యుత్‌కి ఇచ్చాను. ఆయన ఒక క్షణం దాన్నీ నన్నూ చూసి వరండాలోకి వెళ్ళాడు.

మునిరత్న నా పక్కన బాసింపట్టు వేసుకుని పేజీ తీసింది. వేలు పెట్టింది. బయటి నుంచి ఆయన గొంతు వినిపిస్తోంది. “ఏమో అమ్మా, అది ఎక్కడుంటుందో నాకేం తెలుసు... వరూనా? వరూ... వరూ పనిలో ఉందమ్మా.”

విన్నాను. ఆ మాట గురించి తర్వాత ఆలోచించుకోవచ్చు. పక్కన మునిరత్న వేలు ఒక మాట దగ్గర ఆగింది. నేనూ ఆగాను. మాకేం తొందర లేదు.