జాలి కడిగిన రోజు

పొద్దున్నే కాఫీ తాగి, తలుపులు బిగించి, ఏసీ పద్దెనిమిదిలో పెట్టి, ఫ్యాను ఆపేసి సాధనకి కూర్చోవడం త్రిపురసుందరి అలవాటు. కృష్ణానగర్‌లో ఒంటి గది, చేసేది డబ్బింగ్ పని. మైకు ముందు ఫ్యాను చప్పుడు పనికిరాదు కదా! తన గదిలో మైకే లేదన్న సంగతి మాత్రం ఆమెకి ఎన్నడూ తోచలేదు.

ఇన్నేళ్లూ ఆమె గొంతు నర్సులకీ, పక్కింటి పిన్నులకీ, గుంపులో ఏడ్చేవాళ్లకీ సరిపోయింది. ఇప్పుడు మొదటిసారి హీరోయిన్‌కి డబ్బింగ్ చెప్పి చూపించమని ఫిల్మ్‌నగర్ నుంచి పిలుపొచ్చింది. వెళ్లాల్సింది ఆ మధ్యాహ్నమే. తీరా నోరు తెరిస్తే గాలి తప్ప మాట రాలేదు. ఏసీ కూడా మూలుగుతోందే తప్ప గది చల్లబడటం లేదు. త్రిపురసుందరికి ఏడుపొచ్చింది. ఆ ఏడుపుకీ చప్పుడు లేదు.

రోజూ వినపడే సాధన వినపడక ఇంటి ఓనరు రాజమ్మ వచ్చి ఏసీ వైపు తలెత్తి చూసింది.

“జాలి ఎప్పుడు కడిగినవ్ బిడ్డా?”

“దానికి జాలెక్కడిదండీ?” అంది త్రిపురసుందరి గుసగుసగా. “ఉంటే నన్నిలా చేస్తుందా?”

రాజమ్మ పడీపడీ నవ్వింది. “గా జాలి గాదు! దుమ్ము పట్టే జాలి, జల్లెడ అసుంటిది. అన్నీ బంద్ జేసుకొని గట్ల అరుస్తుంటివి, నీ గొంతంత అండ్లనే ఇరుక్కున్నది. పోయినేడు పక్క రూముల డ్యాన్స్ మాస్టరు ఈలలు గిట్లనే ఇరికినయ్. ఫికర్ జెయ్యకు, కడుగుదాం.”

మూత తీసి చూస్తే జాలి నిండా దుమ్ము అట్టకట్టి ఉంది. కుళాయి కింద పెట్టగానే దుమ్ముతో పాటు గొంతులూ జారాయి. నర్సు డాక్టరుని పిలిచింది. పిన్ని ఎవరినో తిట్టిపోసింది. గుంపు ఘొల్లుమంది.

“వామ్మో, ఎంతమందిని సాదినవే!” అంది రాజమ్మ, బ్రష్షు ఆపకుండానే.

అందరూ తూము దాటి పోయాక ఒక్క గొంతు మిగిలింది. సన్నగా, కొంచెం బొంగురుగా ఉంది. చిన్నప్పుడు తెనాలిలో అమ్మని అన్నం పెట్టమని అడిగిన గొంతు. సినిమాలకి పనికిరాదని తనే దాన్ని మూలన పెట్టేసింది. అది తడి జాలి మీంచి లేచి తిన్నగా ఆమె నోట్లోకి వెళ్లిపోయింది.

“అమ్మయ్య!” అంది త్రిపురసుందరి. మాట వినపడింది.

రాజమ్మ జాలి ఆరబెట్టి బిగించింది. ఏసీ ఇరవై ఆరులో పెట్టి ఫ్యాను వేసింది. “ఇగ సాలు. చలికాలం ఏసీల వేడిగాలి పెట్టుకున్నా గింతే, జర తక్కువ పెట్టు” అంది. గది హాయిగా చల్లబడింది.

మధ్యాహ్నం ఫిల్మ్‌నగర్ స్టూడియోలో మైకు ముందు నిలబడితే అరువు గొంతులేవీ పలకలేదు. మిగిలినదానితోనే డైలాగు చెప్పింది. డబ్బింగ్ చూసుకునే వేంకటరమణ అద్దం అవతల హెడ్‌ఫోన్ గట్టిగా అదుముకుని విన్నాడు.

“సినిమా అంతా ఈ గొంతే ఉండాలి. ఇన్నేళ్లలో ఎప్పుడూ వినలేదు. ఎవరిదండీ ఇది?”

“నాదేనండీ” అంది త్రిపురసుందరి. ఆ మాట అన్నాక ఆమెకి ప్రాణం లేచొచ్చింది.